చెయ్యి గీయని బొమ్మ

మాస్టారు ఆ కాగితాన్ని రెండు వేళ్ళ కొసలతో పట్టుకుని, తడిగుడ్డ ఆరేసేవాడిలా తలకన్నా ఎత్తున లేపి అందరికీ చూపించాడు.

"ఇదేమిటో ఎవరైనా చెప్పగలరా?"

ఎవరూ చెప్పలేదు గానీ, వెనక స్టూళ్ళ మీద కూర్చున్న కాలేజీ అమ్మాయిలిద్దరూ కిసుక్కున నవ్వారు. ఎత్తు కప్పు హాలేమో, ఆ నవ్వు గోడలన్నిటికీ తగిలి పదింతలై తిరిగొచ్చింది. ఆ బొమ్మ గీసిన టైలరమ్మకి ఒళ్ళు మండిపోయింది. తప్పు గీస్తే పక్కకి పిలిచి చెప్పొచ్చు. యాభై దాటిన మనిషిని అందరిలో నిలబెట్టి నవ్వించడం ఏ చదువులో ఉంది?

"బొమ్మ గీయమంటే ఈవిడ కొలతల కాగితం ఇచ్చారు," అన్నాడు మాస్టారు. "ఇవిగో బాణం గుర్తులు. ఇవిగో చుక్కల గీతలు. భుజానికో అంకె, నడుముకో అంకె. ఏమ్మా, రాతిమనిషికి చొక్కా కుడతారా ఏమిటి?"

మళ్ళీ నవ్వులు. గీయడానికొచ్చిన వాళ్ళలో పళ్ళ డాక్టరు ఒక్కడే నవ్వలేదు. ఆయన తల వంచుకుని, చెక్కిన పెన్సిలే మళ్ళీ చెక్కుకుంటున్నాడు.

"పైగా చెయ్యేదీ? ఈ శిల్పానికి ప్రాణమంతా ఆ ఎత్తిన చేతిలో ఉంటే, మీరు దాన్నే ఎగ్గొట్టారు!"

"టైము చాలలేదండీ. చెయ్యి రేపు వేద్దామని..."

"బట్ట ముడతలు లెక్కపెట్టడానికి మాత్రం టైముంది. చూసింది గీయండమ్మా, తెలిసింది గీయకండి," అని కాగితం ఆమె ఒళ్ళో పడేసి పక్క స్టూలు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా పొద్దున ఎనిమిది నుంచి పదింటిదాకా, జనానికి తలుపులు తీయకముందు, మ్యూజియంలో కూర్చుని శిల్పాలు చూసి గీసుకోవడానికి పదిహేను మందికి అనుమతి ఇచ్చారు. ఆ రోజు సోమవారం, మొదటి రోజు. మాస్టారు పేరున్న చిత్రకారుడు, ఆ ముక్క ఆయనే మూడుసార్లు చెప్పాడు. ఇంకు తేకూడదు, పెన్సిలే. శిల్పానికి బారెడు దూరంలో ఉండాలి. టైలరమ్మ వచ్చీ రాగానే అలవాటు కొద్దీ మెడలోని టేపు తీసి విగ్రహం భుజానికి పట్టబోతే గార్డు "అమ్మా, అమ్మా!" అంటూ పరుగెత్తుకొచ్చాడు. చెయ్యి చాచి, పెన్సిలు నిలువుగా పట్టుకుని, ఒక కన్ను మూసి కొలవాలిట. ముప్పై ఏళ్ళుగా రెండు కళ్ళూ తెరుచుకుని కొలిచిన మనిషికి అది వింతగానే ఉంది.

విగ్రహం నిలువెత్తు ఆడమనిషి. పిక్కలదాకా వదులు చొక్కా, నడుముకి తాడు, కుడి చెయ్యి తలమీదికి ఎత్తి ఉంది. కింద కార్డు మీద "నర్తకి" అని రాసి ఉంది. ముక్కు కొస విరిగింది. కానీ బట్ట చెక్కినవాడు ఎవడో గానీ మహానుభావుడు. తాడు మీద బట్ట ఉబ్బిన తీరు, పక్కకుట్టు దగ్గర జారిన తీరు చూస్తే చేత్తో సర్దాలనిపిస్తుంది. టైలరమ్మ రెండు గంటలూ ఆ బట్టే గీసింది. అదీ ఆమె చేసిన నేరం.

*

షాపుకి వచ్చేసరికి పదిన్నర. చెల్లి ఎనిమిదింటికే షట్టరు లేపి, స్కూలు కోట్ల కాలర్లు కోస్తోంది. శనివారం సాయంత్రానికి నలభై కోట్లు ఇవ్వాలి. చెల్లి అంటే తోడబుట్టింది కాదు, తోడికోడలు. మరిదిని చేసుకుని వచ్చిన నెలకే షాపులో మిషను ముందు కూర్చుంది, పదకొండేళ్ళయింది. వరస ఏదైనా పిలుపు మాత్రం అక్కా చెల్లీనే.

"ఇదిగో, దీనికి నవ్వారే ఆ వెధవలు!" టైలరమ్మ కాగితాన్ని కోతబల్ల మీదికి విసిరింది. "రాతిమనిషికి చొక్కా కుడతావా అంటాడు. అసలు వాడు వేసుకున్న కోటు చూశావా, వీపు మీద గుడారం లేచినట్టు ఉంది. ఆ కోటు కుట్టినవాణ్ణి ముందు జైల్లో వెయ్యాలి."

చెల్లి నోట్లో గుండుసూదులు ఉన్నాయి. నవ్వాపుకుంటూ కాగితం దగ్గరికి లాక్కుంది. కాసేపు చూసింది. గుండుసూదులు ఒక్కొక్కటీ తీసి మణికట్టు మీది దిండుకి గుచ్చింది.

"ఈవిడ కుడిచేతిలో ఏముందక్కా, అంత బరువు?"

"బరువేమిటే? అసలు చెయ్యే గీయలేదు నేను. ఆ చెయ్యి పైకెత్తి ఉంటుంది. డాన్సు చేస్తోందిట."

"పైకెత్తితే చంక కింద బట్ట ఇలా కుప్పపడుతుందా? నీకు మతి పోయిందా?"

చెల్లి కొక్కేనికి వేలాడుతున్న వదులు చొక్కా ఒకటి తీసి తన బట్టల మీదే తొడుక్కుంది. నడుముకి టేపు బిగించి అద్దం ముందు నిలబడి కుడిచెయ్యి ఎత్తింది. టేపు మీద ఉబ్బి ఉన్న బట్టంతా పైకి లాగుకుపోయి అటుపక్క చదునైపోయింది. అంచు ఇంచీ పైకి లేచింది.

"చూశావా? ఇప్పుడు చూడు." వంగి, ఇస్త్రీపెట్టె పిడి పట్టుకుని లేపింది. భుజం దిగింది. చంక కింద బట్ట మూడు మడతలు పడింది. టేపు మీది ఉబ్బు అటే బరువుగా జారింది. కాగితం మీద బాణం గుర్తులు పెట్టింది సరిగ్గా అక్కడే.

"కానీ అక్కడ చెయ్యి పైకే ఉందే! నా కళ్ళతో చూసొచ్చాను."

"అయితే ఆ చెయ్యి ఆవిడది కాదు," అని చెల్లి చొక్కా విప్పేసి, గుండుసూదులు మళ్ళీ నోట్లో పెట్టుకుని కాలర్ల పనిలో పడింది.

*

మంగళవారం టైలరమ్మ అందరికన్నా ముందు వెళ్ళింది. బారెడు దూరంలోనే నిలబడి, అటు తిరిగి ఇటు తిరిగి చూసింది. కుడి భుజం కింద, చొక్కా చేతి అంచు పక్కన, సన్నటి గీత. గీతకి పైన రాయి ఒక రంగు, కింద ఒక రంగు. నిన్నంతా కూర్చుని చూసినా కనపడలేదు. ఇప్పుడు అది తప్ప ఇంకేదీ కనపడటం లేదు.

మాస్టారు రాగానే ఎదురెళ్ళింది. "మాస్టారూ, నేనొకటి కనిపెట్టాను. ఈ చెయ్యి ఈవిడది కాదండీ. అసలు చెయ్యి కిందికి ఉండాలి. ఏదో బరువు మోస్తున్న మనిషి ఈవిడ." మడతస్టూలు చేత్తో ఎత్తి, భుజం ఎలా దిగుతుందో, బట్ట ఎక్కడ చేరుతుందో చూపించింది. పక్కనే స్టూలు విప్పుకుంటున్న పళ్ళ డాక్టరు పని ఆపి మరీ విన్నాడు.

మాస్టారు ఓపిగ్గా నవ్వాడు. "అమ్మా, ఎంతెంత పండితులో చూసి నర్తకి అన్నారు. మీరు గీత మీద దృష్టి పెట్టండి."

సరే కానీ, క్లాసు అయ్యాక రబ్బరు మరిచిపోయానని ఆమె వెనక్కొస్తే, మాస్టారు ఒక్కడూ విగ్రహం దగ్గర మునివేళ్ళ మీద లేచి, ఆ భుజాన్నే చూస్తున్నాడు. పోనీలే, మాట చెవికెక్కిందనుకుని సంతోషపడింది కూడా, పిచ్చి మనిషి.

బుధవారం విగ్రహం పక్కన నిచ్చెన ఉంది. నిచ్చెన మీద మ్యూజియం మేడమ్ టార్చిలైటు పట్టుకుని ఉంది. నల్లఫ్రేము కళ్ళద్దాల ఆవిడ, ఈ మ్యూజియం మొత్తానికీ పెద్ద. కింద మాస్టారు చేతులూపుతూ చెప్పుకుపోతున్నాడు.

"ముప్పై ఏళ్ళు గీసిన కన్ను కదండీ, మోసపోదు. చెయ్యి పైకెత్తితే ఇక్కడ బట్ట చదునుగా ఉండాలి. చూడండి, కుప్పపడింది. భుజం దిగింది. అంటే ఈవిడ ఏదో బరువు మోస్తోంది!"

అక్షరం పొల్లు పోలేదు. టైలరమ్మ స్టూలు చంకలో పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆయన ఆమెను చూశాడు. చూసి, తల కూడా తిప్పుకోలేదు. గార్డు వైపు చూసినట్టే చూసి మళ్ళీ మేడమ్ వైపు తిరిగాడు. దొంగ కనీసం తత్తరపడతాడు, ఈయనకి అది కూడా లేదు.

గురువారం మేడమ్ ఓ పాత రిజిస్టరు పట్టుకుని తనే హాల్లోకి వచ్చింది. ఎప్పుడో, విరిగిన ముక్కల కుప్పలోంచి ఒక చెయ్యి ఏరి, అందంగా ఉంటుందని ఆ మొండిభుజానికి అతికించినట్టు అందులో రాసి ఉందట. "శనివారం కొత్త కార్డు పెడుతున్నాం. 'బరువు మోస్తున్న స్త్రీ' అని. కింద కనిపెట్టినవారి పేరు కూడా వేస్తాం," అని మాస్టారితో చెయ్యి కలిపింది. అందరూ చప్పట్లు కొట్టారు. మొన్న నవ్విన అమ్మాయిలు లేచి నిలబడి మరీ కొట్టారు.

టైలరమ్మ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. పెన్సిలు ఎప్పుడు విరిగిందో ఆమెకే తెలియదు.

పదింటికి అందరూ సర్దుకుంటుంటే సూటిగా వెళ్ళి ఆయన ముందు నిలబడింది.

"మాస్టారూ, ఆ మాట నేను చెప్పింది కదా?"

"ఏ మాటమ్మా?"

"చెయ్యి మాట. మంగళవారం, ఇక్కడే, ఇదే స్టూలు ఎత్తి చూపించాను."

"ఓ, అదా!" మాస్టారు బ్యాగు జిప్పు లాగాడు. "మీరు ఊరికే ఒక మాటన్నారు, కాదనను. మాట ఎవరైనా అంటారు. దాన్ని పట్టుకుని, చూసి, ఖాయం చేసింది ఎవరు? మేడమ్ దగ్గరికి వెళ్ళి ఒప్పించింది ఎవరు?"

"నాకు చెబితే నేనే వెళ్ళేదాన్ని."

"గుమ్మంలోనే ఆపేసేవారు," అన్నాడు మెత్తగా. అరిచినా బాగుండేది. "ఏమీ అనుకోకండి. కనిపెట్టింది ఫలానా టైలరు అని కార్డు మీద ఉంటే చదివేవాళ్ళు ఏమనుకుంటారు? మనమంతా ఒకటే గ్రూపు. పేరు ఎవరిదైతేనేం?"

"ఎవరిదైనా ఒకటే అయితే నాదే వెయ్యమనండి!"

హాల్లో అందరికీ వినపడింది. అందరూ బోర్డులూ కాగితాలూ సర్దుకోవడంలో తెగ మునిగిపోయారు. ఆయన వెళ్ళిపోయాక మెట్ల దగ్గర పళ్ళ డాక్టరు గొంతు తగ్గించి అన్నాడు. "మీరు చెప్పడం నేను విన్నానండీ. రేపు మేడమ్ దగ్గరికి వెళదాం, నేను చెబుతాను."

ఆ రోజు షాపులో టైలరమ్మ నోరు మూతపడలేదు. కోటుకి గుండీ కుడుతూ తిట్టింది, సుద్దముక్క వెతుకుతూ తిట్టింది, వచ్చిన కస్టమరుకి నడుము కొలత తీస్తూ కూడా తిట్టింది. "నా మాట దొంగిలించాడే! నా నోట్లోంచి మాట లాక్కుని తన పేరు పెట్టుకున్నాడే! టైలరంటే అంత లోకువా? మన చేతులే గానీ మనకి బుర్ర ఉండదనుకున్నాడా?"

చెల్లి మిషను తొక్కుతూనే ఉంది.

*

శుక్రవారం పళ్ళ డాక్టరు మాట మీద నిలబడ్డాడు. మేడమ్ ఇద్దరినీ కూర్చోబెట్టి మొత్తం వింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "కార్డు రేపు పదింటికి అచ్చుకి వెళుతుంది. మీకు అది ఎలా తోచిందో మొదటినుంచీ ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి తెండి. మాస్టారిని కూడా పిలుస్తాను. నిజమైతే మీ పేరే వేస్తాను," అంది.

టైలరమ్మ షాపుకి నడవలేదు, ఎగిరొచ్చింది. "అయింది వాడి పని! రేపు మొహం ఎక్కడ పెట్టుకుంటాడో చూస్తాను. కాగితం తియ్యవే, రాయి. నా రాత నాకే అర్థం కాదు."

షాపులో రాతకోతలన్నీ చెల్లివే. చేతులు తుడుచుకుని కోతబల్ల దగ్గర నిలబడి పెన్ను తీసింది.

"రాయి. గౌరవనీయులైన మేడమ్ గారికి. సోమవారం నాడు నేను శిల్పాన్ని చూసి బొమ్మ గీశాను. చెయ్యి గీయలేదు. అదే రోజు మా షాపులో ఆ బొమ్మని చూస్తుండగా, చెయ్యి కిందికి ఉండాలని నాకు తెలిసింది..."

పెన్ను "చూస్తుండగా" దగ్గర ఆగింది.

"ఏమైంది? ఇంకు అయిపోయిందా?"

"లేదు. ఎవరికి తెలిసిందని రాయను?"

"నాకు."

"సరే," అంది చెల్లి. పెన్ను మాత్రం కదల్లేదు.

టైలరమ్మకి చర్రున కోపం వచ్చింది. "ఏమిటే, నువ్వు చెప్పావని రాయమంటావా? ఆ విగ్రహాన్ని నువ్వు చూడనైనా లేదు. నువ్వు ఊరికే ఒక మాటన్నావు. దాన్ని పట్టుకుని, వెళ్ళి చూసి, ఖాయం చేసింది..."

నోరు అక్కడే ఆగిపోయింది. నిన్న పొద్దున విన్న మాటలే. విని రాత్రంతా పళ్ళు కొరుక్కున్న మాటలే. ఒక్కటి కూడా మార్చకుండా తన నోటే వచ్చాయి.

"ఆగావేం? చెప్పు, రాస్తాను," అంది చెల్లి. "మంగళవారం నువ్వెళ్ళి అక్కడ ఏం చెప్పావో నేనడగలేదు. నిన్న పొద్దుటినుంచి సాయంత్రందాకా 'నా మాట దొంగిలించాడు, నా మాట దొంగిలించాడు' అన్నావు. నా ఎదురుగా కూర్చుని అన్నావక్కా! ఇప్పుడైనా గుర్తొస్తుందేమో, ఇప్పుడైనా గుర్తొస్తుందేమో అని చూశాను. నాకు కోపం రాదనుకున్నావా? ఆ మాస్టారంటే పరాయివాడు."

మిషన్ల కింద గుడ్డపీలికలు ఫాను గాలికి కదులుతున్నాయి. టైలరమ్మకి సిగ్గేసింది. సిగ్గు కన్నా ముందు మళ్ళీ కోపమే వచ్చింది, అదీ నిజమే. తన పేరు కార్డు మీద పడుతుందని పొద్దుటినుంచీ ఎంత మురిసిపోయిందో, దాన్ని వదులుకోవడం అంత కష్టంగా ఉంది. ఎవరూ అడగరు. చెల్లి రాస్తానంటూనే ఉంది. సంతకం పెడితే చాలు.

"పెన్ను ఇలా ఇవ్వు," అంది చివరికి.

నాలుగు ముక్కలు రాయడానికి ముప్పావుగంట పట్టింది. మూడు కాగితాలు నలిపి పారేసింది. చెల్లి అటు చూడలేదు.

*

శనివారం మేడమ్ గదిలో మాస్టారు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పళ్ళ డాక్టరు గోడవారగా నిలబడ్డాడు. మేడమ్ ఆ గజిబిజి రాతని కూడబలుక్కుంటూ పైకి చదివింది.

"'...ఆ మాట అన్నది మా తోడికోడలు. కాగితం మీద బట్ట చూసి, చెయ్యి ఎలా ఉండాలో చెప్పింది. అద్దం ముందు చేసి చూపించింది. నేను ఇక్కడికి వచ్చి, నేనే కనిపెట్టానని చెప్పాను.'"

మాస్టారు పకపకా నవ్వాడు. "బాగుంది! నన్ను దొంగని చేసి ఊరంతా చాటింది ఈవిడేనా? ఈవిడ చేసిందేమిటి మరి?"

పళ్ళ డాక్టరు కూడా ఇబ్బందిగా ఆమె వైపు చూశాడు. మొదటిరోజు నవ్వులు దీని ముందు ఎంత! ఆ రోజు ఆమె తప్పు చెయ్యలేదు.

"అవునండీ, నేనూ మీరు చేసిందే చేశాను," అంది టైలరమ్మ. "అందుకే మీరు చేసిందేమిటో నాకింత బాగా తెలుసు. నాది నేను రాసిచ్చాను. మీదేదీ?"

మాస్టారు కాలు మీది కాలు దించాడు. మేడమ్ బల్ల మీది అచ్చు నమూనా ముందుకు లాక్కుని, ఉన్న పేరు అడ్డంగా కొట్టేసింది.

"ఆవిడ పేరు చెప్పండి."

టైలరమ్మ ఇంటిపేరుతో సహా చెప్పింది. "పక్కన టైలరు అని కూడా వెయ్యండమ్మా," అంది.

*

షాపులో నలభై కోట్లూ కడ్డీకి వేలాడుతున్నాయి. చెల్లి ఆఖరి కోటుకి జేబు మూత కుడుతోంది.

"పడిందే నీ పేరు! ఇంటిపేరుతో సహా. వాడి పేరు నా కళ్ళెదురుగా కొట్టేశారు."

"మంచిది," అంది చెల్లి. మిషను ఆగలేదు.

"అంతేనా?"

"ఏం చెయ్యమంటావు, చప్పట్లు కొట్టనా?" దారం తెంపి, కోటు తిరగేసి, కాలర్ లోపలి లేబుల్ ఆమె మొహం ముందు పెట్టింది. "ఇదెవరి పేరు?"

"షాపు పేరు."

"నీ పేరు. పదకొండేళ్ళుగా నేను కోసి, నేను కుట్టి, నా చేత్తోనే నీ పేరు తగిలిస్తున్నాను. అక్కడ నలుగురూ చూస్తున్నారు, రాశావు. ఇక్కడ ఎవరు చూస్తారు?"

టైలరమ్మ నాలుక చివర జవాబులు సిద్ధంగా ఉన్నాయి. షాపు నాది. మిషనుకి దారం ఎక్కించడం కూడా నీకు నేనే నేర్పాను. అవన్నీ నిజాలే. నిజాలు కాబట్టే మింగడం కష్టమయింది.

"తీసేద్దాం," అంది. "అన్నీ విప్పేద్దాం. నలభైకీ నీ పేరే వేద్దాం."

"నలభైకీ ఎందుకు? నీ జాలి నాకక్కర్లేదు." చెల్లి లేచి కడ్డీ దగ్గరికెళ్ళి, భుజాలు పట్టుకుని చూస్తూ కోట్లు చకచకా రెండుపక్కలకి జరిపింది. ఎవరి కోత ఏదో ఆమె చేతికి తెలుసు. "ఈ పన్నెండూ నువ్వు కోసినవి. వీటి జోలికి వెళ్ళకు, నీ పేరే ఉండాలి. ఈ ఇరవై ఎనిమిదీ నావి."

"ఆరింటికి స్కూలువాళ్ళు వస్తారే."

"రానీ. కాలర్ ఖాళీగా ఉంటే పిల్లలకి చలేం వెయ్యదు."

టైలరమ్మ చిన్న కత్తెర తీసుకుని, ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. ఇరవై ఎనిమిదిలో మొదటి కోటు ఒళ్ళో వేసుకుని, తన పేరు అంచు పట్టుకుని లాగింది.

"అలా లాగకు, బట్ట చిరుగుతుంది," అంది చెల్లి.

టైలరమ్మ లాగడం ఆపి, కత్తెర మొనతో ఒక్కొక్క కుట్టే తెంపడం మొదలుపెట్టింది.